రోగిని నిజంగా పట్టించుకోవడం ఎలా: కొత్తగా వార్డులో చేరిన నర్సులకు

నర్సింగ్ కళాశాలలో చేరిన మొదటి ఏడాదిలోనే రోగి పట్ల దయ, ఓర్పు, సేవాభావం ఉండాలని ప్రతి విద్యార్థికీ చెబుతారు. దీపం వెలిగించే వేడుకలో నిలబెట్టి ప్రతిజ్ఞ కూడా చేయిస్తారు. అయితే ఆ దయ నలభై మంచాల మెడికల్ వార్డులో, ఇద్దరే సిస్టర్లున్న నైట్ డ్యూటీలో, రాత్రి రెండు గంటల వేళ ఏ పనిగా మారాలో విడమరచి చెప్పేవారు తక్కువ. అందువల్ల కొత్త నర్సుల్లో కొందరు చిరునవ్వునూ తీయని మాటనూ సంరక్షణ అనుకుంటారు. మరికొందరు వేళకు ఇంజెక్షన్లు చేసి, చార్టు నింపితే బాధ్యత తీరిపోయిందనుకుంటారు.

నిజమైన సంరక్షణకు మూడు గుర్తులున్నాయి. చేయవలసిన పనుల జాబితా మీద నుంచి మీ దృష్టి మంచం మీదున్న మనిషి మీదికి మళ్లుతుంది. ఆ కాసేపు ఆ మనిషి అవసరమే మీ చేతులను కదిలిస్తుంది. చివరకు మీరు చేసినది ఆ మనిషికి అందుతుంది, అందినట్టు ఏదో ఒక రూపంలో మీకు తెలుస్తుంది. గణితం బోధించి, తర్వాత తత్త్వశాస్త్రంలోకి వచ్చిన అమెరికన్ అధ్యాపకురాలు నెల్ నోడింగ్స్ 1984లో సంరక్షణ నీతికి ఈ మూడింటినీ పునాదిగా ప్రతిపాదించారు. రాజనీతి శాస్త్రం నుంచి వచ్చిన జోన్ ట్రోంటో 1993లో మరో షరతును ముందుకు తెచ్చారు: పని చేతనైనట్టు చేస్తేనే అది సంరక్షణ, మంచి ఉద్దేశం ఒక్కటే సరిపోదు. నర్సుల విషయంలో ఈ షరతే అన్నిటికంటే ముందు రావాలని నా అభిప్రాయం కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

ముందు చేతికి పని రావాలి

మనసు నిండా జాలి ఉన్నా నరం దొరకక నాలుగుచోట్ల పొడిచే నర్సు కంటే, పెద్దగా మాట్లాడకపోయినా ఒక్కసారిలో కాన్యులా (నరంలోకి మందెక్కించే సన్నని గొట్టం) పెట్టగలిగే నర్సునే రోగి కోరుకుంటాడు, ఆ కోరిక న్యాయమైనది. కాబట్టి మీకు ఇంకా సరిగా రాని పనులేమిటో ఒక కాగితం మీద రాసుకోండి: ముక్కు నుంచి కడుపులోకి రైల్స్ ట్యూబ్ వేయడం, మూత్రం బయటికి తీసే క్యాథెటర్ పెట్టడం, ఇన్సులిన్ మోతాదు లెక్కకట్టడం, ఏదైనా సరే. ఒక్కొక్కటీ సీనియర్ సిస్టర్ పక్కనుండగా చేసి, వచ్చిందనుకున్న తర్వాతే ఒంటరిగా చేయండి. రెండోసారి కూడా నరం దొరకనప్పుడు మూడోసారి ప్రయత్నించకుండా, "నాకు దొరకడం లేదండీ, మా సీనియర్‌ను పిలుస్తాను" అని రోగికే చెప్పడం మీ పరువుకు భంగం కాదు.

నైపుణ్యమూ నీతీ ఎక్కడ ఒకటవుతాయో చూడాలంటే పక్షవాతంతో కదలలేని రోగి దగ్గరకు వెళ్లాలి. రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలన్నది అందరికీ తెలిసిన నియమమే. తిప్పిన గుర్తుగా చార్టులో టిక్కు పెట్టడమూ తెలిసిన అలవాటే. అంతటితో ఆగకుండా, తిప్పిన ప్రతిసారీ నడుము దిగువ ఎముక మీద, తుంటి మీద, మడమల మీద, తల వెనుక చర్మాన్ని చూడండి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదలండి. అది పాలిపోయి మళ్లీ రంగు వస్తే రక్తం ఆడుతున్నట్టు. నొక్కినా ఎరుపు చెదరకపోతే పుండుకు నాంది పడినట్టు. మన రోగుల్లో చామనఛాయ, నలుపు రంగువారే ఎక్కువ కాబట్టి ఎరుపు కంటికి ఆనకపోవచ్చు. అలాంటప్పుడు చేతి వెనుక భాగంతో తాకి ఆ చోటు చుట్టుపక్కల కంటే వేడిగా ఉందా, గట్టిపడిందా, మెత్తబడిందా, తాకితే రోగి ముఖం చిట్లిస్తున్నాడా అని గమనించాలి. దుప్పటి ముడతలు సరిచేయండి, దాని కింద ఎవరో మరచిపోయిన సిరంజి మూత ఉందేమో తడిమి చూడండి, రోగిని పక్క మీద ఈడ్చకుండా ఇద్దరు కలిసి ఎత్తి జరపండి. మడమల కింద నీళ్లు నింపిన గ్లవ్స్ పెట్టడం మన వార్డుల్లో వాడుక. దానికి బదులు పిక్క పొడవునా దిండు పెట్టి, మడమ దేనికీ ఆనకుండా ఉంచడం మేలు. ఈ పనికి మీకు ఎవరూ కృతజ్ఞతలు చెప్పరు, ఎందుకంటే రాని పుండు గురించి ఏ కుటుంబమూ మాట్లాడుకోదు.

ఖాళీ చేతులతో ఒక చుట్టు తిరగండి

డ్యూటీ అప్పగింత పూర్తికాగానే, మందుల ట్రాలీ ముట్టుకోకముందే, మీకు కేటాయించిన మంచాలన్నిటి దగ్గరకూ ఒకసారి ఏమీ పట్టుకోకుండా వెళ్లండి. చేతిలో సిరంజి ఉన్న నర్సును చూసి రోగి ముందు చెయ్యి దాచుకుంటాడు, తర్వాతే మాట్లాడతాడు. రోగికి ఎదురుగా, ఆయన మెడ తిప్పనక్కరలేని చోట నిలబడండి. వీలైతే స్టూలు లాక్కుని కూర్చోండి. మంచం మీద కూర్చోవద్దు, మంచానికి ఆనుకుని కదిలించవద్దు, గది గుమ్మం దగ్గర గుసగుసలాడవద్దు. ఈ జాగ్రత్తలన్నీ ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో నర్సింగ్ గురించి వెలువరించిన పుస్తకంలో పూసగుచ్చినట్టు ఉన్నాయి. రోగికి శ్రమ కంటే ఆందోళన, ఏం జరుగుతుందో తెలియకుండా ఎదురుచూడటం ఎక్కువ హాని చేస్తాయని ఆమె గట్టిగా నమ్మారు.

"ఎలా ఉందండీ?" అని అడిగితే "పర్లేదమ్మా" అనే జవాబు వస్తుంది, అది జవాబు కాదు, మర్యాద. సమాధానం చెప్పగలిగే ప్రశ్న వేయండి: రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, ఎందుకు వచ్చింది, ఏ పక్కకు తిరిగితే నొప్పి ఎక్కువగా ఉంది. సున్నా నుంచి పది వరకు నొప్పికి అంకె చెప్పమంటే బడి ముఖం చూడని పెద్దవారు తడబడి, మీరు సంతోషించే అంకె ఏదో ఊహించి చెబుతారు. మనవాళ్లు నొప్పిని అంకెల్లో కంటే రకాల్లో చెబుతారు: పోటు, సలుపు, మంట, తీపు, లాగుడు, తెలంగాణలో గుంజుడు. ఇవి ఒకదానికొకటి మారుపేర్లు కావు. ఆపరేషనైన మూడో నాలుగో రోజున కుట్టు దగ్గర సలుపు మొదలైందంటే కట్టు విప్పి చీము చేరుతోందేమో చూడాలి. చక్కెర వ్యాధి ఉన్నవారు అరికాళ్ల మంట అంటే నరాలు దెబ్బతిన్నాయేమో అనుమానించాలి. గుండెల మీద బరువు పెట్టినట్టుందని, చెమటలు పోస్తున్నాయని అంటే ఆ క్షణమే డ్యూటీ డాక్టరును పిలిచి ఈసీజీకి సిద్ధం చేయాలి. నర్సు నోట్స్‌లో "నొప్పి ఉన్నట్టు చెప్పారు" అని ఊరుకోకుండా రోగి వాడిన మాటనే రాయండి. నొప్పికి మందిచ్చాక మళ్లీ వెళ్లి అడగడం అందులో భాగమే: నరానికి ఇచ్చిన మందైతే పావుగంట నుంచి అరగంటలోపు, మాత్రయితే గంటకు. హైదరాబాదు కార్పొరేట్ ఆసుపత్రుల్లో పనిచేసే మలయాళీ సిస్టర్లు ఈ అయిదారు మాటలు నేర్చుకుంటే రోగులకు జరిగే మేలు అంతా ఇంతా కాదు. దుబాయిలోనో లండన్‌లోనో చేరే తెలుగు నర్సులు అక్కడి రోగుల నొప్పి మాటలు నేర్చుకోవడమూ అంతే అవసరం.

ఆడవారి వార్డులో ఇంకొకటి గమనించండి. పొద్దున పెట్టిన నీళ్ల గ్లాసు మధ్యాహ్నానికి కూడా నిండుగానే ఉంటుంది, అడిగితే దాహం లేదంటారు. చాలాసార్లు అసలు కారణం బెడ్‌పాన్. దానికోసం వార్డుబాయ్‌ని పిలవాలి, తెర లేని మంచం మీద అందరి ఎదుటా తీసుకోవాలి, ఆ సిగ్గుకు భయపడి నీళ్లు మానేస్తారు. ఆ తర్వాత మూత్రంలో మంట, జ్వరం, మలబద్ధకం వరుసగా వస్తాయి. ఇలాంటి చోట నీళ్లు తాగమని పదిసార్లు హితబోధ చేయడం కంటే, ఒక మడత తెర తెచ్చి నిలబెట్టి, ఆడ ఆయాను పిలిపించి, "రెండు గంటలకోసారి నేనే వచ్చి అడుగుతాను, మీరు పిలవనక్కరలేదు" అని చెప్పడం పనికొస్తుంది. చెప్పాక వెళ్లాలి. వస్తానని చెప్పి రాని నర్సు కంటే ఏమీ చెప్పని నర్సే నయం.

పేరు పెట్టి పిలవండి

లండన్‌లోని ఒక పెద్ద బోధనాసుపత్రిలో నర్సుల పని పద్ధతిని పరిశీలించిన మానసిక విశ్లేషకురాలు ఇసబెల్ మెంజీస్ 1960 ప్రాంతంలో ప్రచురించిన అధ్యయనంలో, అక్కడ రోగులను పేరుతో కాక మంచం నంబరుతో, జబ్బు పడిన అవయవం పేరుతో ప్రస్తావించడం గమనించారు. ఒక్కో నర్సు ఒకరిద్దరు రోగుల పనులన్నీ చూడకుండా, అందరికీ ఒకే పని చేసుకుంటూ పోవడమూ అక్కడి పద్ధతే. అది కఠినత్వం కాదని, బాధనూ చావునూ రోజూ దగ్గరగా చూసేవారు తమ ఆందోళన నుంచి తప్పించుకోవడానికి ఏర్పరచుకున్న ఏర్పాటని ఆమె వివరించారు. మన దగ్గర "పన్నెండో బెడ్డు సెలైన్ అయిపోయింది" అనడం వెనకా అదే ఉంది.

ఇంట్లో మిమ్మల్ని ఏమని పిలుస్తారని అడిగి ఆ పేరు కేస్‌షీటు మీద రాయండి. అమ్మా, పెద్దయ్యా, తాతా అనడంలో తప్పేమీ లేదు, కానీ పెద్దవారిని "మీరు" అనాలి. తెలంగాణ పల్లెల నుంచి వచ్చినవారు మిమ్మల్ని "నువ్వు, బిడ్డా" అంటే అది దగ్గరితనం; ఆ చనువు తీసుకునే హక్కు వారిదే. సిఫారసు ఉత్తరంతో వచ్చినవారికి "సార్", చినిగిన చీరతో వచ్చినవారికి "ఏమే" అనే వార్డులో మిగతా సంరక్షణ ఎంత బాగున్నా నాకు నమ్మకం కలగదు.

ఇది ఎవరి అవసరమో తేల్చుకోండి

మనం చేసే పనుల్లో కొన్ని రోగి కోసం, కొన్ని వార్డు సాఫీగా నడవడం కోసం. రెండోవి అక్కరలేదని కాదు. రెండోదాన్ని మొదటిదిగా చూపించుకోవడమే చిక్కు. రౌండ్స్ వచ్చేలోపు అన్ని మంచాలూ నీటుగా ఉండాలని తెల్లవారుజామున అప్పుడే కునుకు పట్టిన రోగిని లేపి ఒళ్లు తుడుస్తాం. ఆ స్నానం అవసరమే, కానీ ఆ గంట రోగి ఎంచుకున్నది కాదు. ఏ పనైనా మొదలుపెట్టే ముందు ఈ మనిషికి ఇప్పుడు ఇది కావాలా, నాకు కావాలా అని తేల్చుకోండి. మీకే కావాలని తేలితే కనీసం ఆ మాట దాచకుండా అడిగి, ఒప్పుకుంటే చేయండి.

దీన్ని గట్టిగా పరీక్షించే సందర్భం రాత్రిపూట కలవరించే వృద్ధుడు. రైల్స్ ట్యూబ్ పీకేస్తాడు, మంచం దిగబోతాడు, ఎవరెవరినో పిలుస్తాడు. చేతులు రెండూ గాజు గుడ్డతో మంచం కడ్డీలకు కట్టేయడం మన వార్డుల్లో సులభంగా జరిగిపోతుంది, రోగి భద్రత కోసమేనని నోట్స్‌లో రాస్తాం. కట్టేముందు వరుసగా కొన్ని చూడండి. క్యాథెటర్ మడతపడి పొత్తికడుపు ఉబ్బిందా? జ్వరం ఉందా, ఆక్సిజన్, చక్కెర పడిపోయాయా? కుట్టు నొప్పి పెడుతోందా? కళ్లద్దాలు, చెవి మిషను ఇంటికి పంపేశారా? నాలుగు రోజులుగా మలవిసర్జన అయిందా? రోజు మొత్తం పడుకుని రాత్రి మేలుకున్నాడా? వీటిలో ఏదో ఒకటి సరిచేస్తేనే చాలామంది నెమ్మదిస్తారు. కొడుకునో మనవరాలినో పక్కన కూర్చోబెట్టి చెయ్యి పట్టుకోమనండి, చిన్న దీపం ఉంచండి, ఇది ఆసుపత్రి అని, ఇప్పుడు రాత్రి అని, పొద్దున్నే ఇంటివాళ్లు వస్తారని నెమ్మదిగా పదేపదే చెప్పండి. ఇవన్నీ చేశాక కూడా కట్టక తప్పకపోతే డాక్టరు రాతపూర్వకంగా ఆదేశించాలి, ఎంతసేపో రాయాలి, కుటుంబానికి చెప్పాలి, వేళ్ల రంగూ చల్లదనమూ తరచుగా చూడాలి, మధ్యమధ్య విప్పాలి.

రోగికి కావలసినది మనకు నచ్చనిది అయినప్పుడు మరో చిక్కు. చక్కెర వ్యాధికి ఇన్సులిన్ తీసుకుంటున్న పెద్దావిడ శనివారం వెంకటేశ్వరస్వామికి ఒంటిపొద్దు ఉంటుంది. మరొకరు రంజాన్ ఉపవాసం మానరు. మందలిస్తే ఆమె ఉపవాసం మానదు, మీకు చెప్పడం మానేస్తుంది. తిండి లేకుండా ఇన్సులిన్ పడితే చక్కెర ప్రమాదకరంగా తగ్గుతుంది కాబట్టి అసలు ముప్పు ఆ దాపరికమే. "అమ్మా, ఈ వారం ఒంటిపొద్దు ఉందా?" అని ముందురోజే మామూలుగా అడగండి. ఉందంటే డాక్టరుతో మాట్లాడి మోతాదు, వేళ మార్పించండి. చెమట, వణుకు, కళ్లు తిరగడం వస్తే ఏం చేయాలో చెప్పండి. ఆరోగ్యం బాగాలేనప్పుడు మొక్కు వాయిదా వేసుకోవడం గురించి ఆవిడ తన ఇంటి పెద్దలతోనో పూజారితోనో మాట్లాడుకునే అవకాశం ఇవ్వండి. నిర్ణయం మాత్రం ఆవిడదే.

"నాన్నగారికి చెప్పకండి" అన్నప్పుడు

క్యాన్సర్ అని తేలగానే పిల్లలు నర్సును పక్కకు పిలిచి ఈ మాట అంటారు. ప్రేమతోనే అంటారు, అందుకే దీన్ని చిరాకుతో కొట్టిపారేయకూడదు. జబ్బు పేరు మొదటిసారి బయటపెట్టే పని డాక్టరుది, మీది కాదు. అబద్ధం చెప్పడమూ మీ పని కాదు. కుటుంబంతో ఇలా అనవచ్చు: "నేనుగా ఏదీ చెప్పనండీ. కానీ ఆయనే నన్ను సూటిగా అడిగితే లేదని అబద్ధమాడలేను. ఆయనకు ఎంత తెలుసుకోవాలని ఉందో డాక్టరుగారితో కలిసి కనుక్కుందాం." రోగి "నాకేమైందమ్మా?" అని అడిగితే గబగబా ఏదో చెప్పకుండా, "మీకేమని చెప్పారు? మీకేమనిపిస్తోంది?" అని తిరిగి అడగండి. చాలామందికి సగం తెలిసే ఉంటుంది, పిల్లలు బాధపడతారని వారూ నటిస్తూ ఉంటారు. తెలుసుకోవాలనుంది అంటే ఆ రోజే డాక్టరుకు చెప్పి సమయం ఇప్పించండి. వద్దు, అన్నీ మా అబ్బాయితోనే మాట్లాడండి అంటే అదీ ఆయన నిర్ణయమే, కేస్‌షీటులో రాయండి.

అందిందో లేదో చూసుకోండి

డిశ్చార్జి రోజున మందులు, కట్టు మార్చడం, ట్యూబు ద్వారా ఆహారం పోయడం అటెండెంటుకు గడగడా చెప్పి సంతకం తీసుకుంటే చెప్పినట్టు అవుతుంది, అందినట్టు కాదు. "అర్థమైందా?" అని అడగవద్దు, "ఇంటికెళ్లాక మీరు ఎలా పోస్తారో ఇప్పుడు నా ఎదుట ఒకసారి చేసి చూపించండి" అనండి. రోగి తలవైపు ఎత్తకుండా పోయబోతే అక్కడే ఆపి, ముప్పై నుంచి నలభై అయిదు డిగ్రీలు ఎత్తి కూర్చోబెట్టాలని, పోశాక కనీసం అరగంట పడుకోబెట్టకూడదని మరోసారి చేతులతో చూపండి.

నోరు విప్పలేని రోగి నుంచి స్పందన ఎలా తెలుస్తుందని అడిగేవారికి నేను అరుణా శాన్‌బాగ్ సంగతి చెబుతాను. ముంబైలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్న ఆమె 1973 నవంబరులో అదే ఆసుపత్రిలో జరిగిన దాడిలో మెదడు దెబ్బతిని, 2015 మే 18న మరణించేవరకు దాదాపు 42 ఏళ్లు అక్కడే మంచం మీద ఉన్నారు. తరాలు మారినా అక్కడి నర్సులు ఆమెకు ఒంటి మీద పుండు పడకుండా చూసుకున్నారు. ఆమెకు ఆహారం ఆపాలన్న పిటిషన్ సుప్రీంకోర్టుకు వచ్చినప్పుడు ఆసుపత్రి ఇచ్చిన వివరణలో ఒక చిన్న సంగతి ఉంది: మలమూత్రాలకు వెళ్లవలసినప్పుడు ఆమె చేసే శబ్దాన్ని నర్సులు గుర్తుపట్టి తగినట్టు చూసేవారు. ఎన్నో నెలలు దగ్గరుండి చెవి పెట్టకుండా అటువంటి శబ్దానికి అర్థం తెలియదు. 2011 మార్చి 7న ఇచ్చిన తీర్పులో కోర్టు పిటిషన్‌ను తోసిపుచ్చి, ఆమె తరఫున మాట్లాడే అర్హత ఆ ఆసుపత్రి సిబ్బందికే ఉందని చెప్పింది. కొన్ని షరతులతో ప్రాణాధార చికిత్సను ఆపే వీలు మన దేశంలో ఏర్పడింది కూడా ఆ తీర్పుతోనే. ఆ స్థితిలో జీవితాన్ని కొనసాగించడం ఆమెకు మేలా అన్న ప్రశ్న చాలామంది ఆలోచనాపరులు వేశారు. ఆ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను, నర్సుల అనుబంధమే ఆమె ఇష్టానికి సాక్ష్యమనీ అనను. కానీ సైగను చదవడం ఎలాగో ఆ వార్డు నుంచి నేర్చుకోవచ్చు. మీ రోగి స్పృహలో లేకపోయినా నుదుటి ముడత, దవడ బిగువు, శ్వాస వేగం, పక్క మార్చినప్పుడు నాడి తగ్గడం పెరగడం చూసి రాయండి. తర్వాతి డ్యూటీవారికి అదే ఆ రోగి మాట.

నచ్చని రోగి దగ్గర

తాగి బూతులు తిట్టేవారు, పోలీసు కాపలాతో వచ్చిన ఖైదీ, ఆయాను కులం పేరుతో దూషించేవారు, అందరి మీదా మీకు ఆపేక్ష పుట్టదు, పుట్టాలని నీతిశాస్త్రమూ అడగదు. విమాన సిబ్బంది పనిని పరిశీలించిన సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్, ఉద్యోగం కోసం భావాలను ప్రదర్శించడం కూడా ఒక శ్రమేనని 1983లో రాశారు. ముఖానికి నవ్వు అతికించుకుని బతికేవారు లోపల ఎండిపోతారు. కాబట్టి నవ్వు నటించకుండా పని మీద గురి పెట్టండి: నొప్పి తగ్గించడం, ఒళ్లు శుభ్రంగా ఉంచడం, చేసేది ముందే చెప్పి చేయడం. దూషణను మాత్రం భరించనక్కరలేదు. "వైద్యం ఆపను, ఈ మాటలు మాత్రం ఆపండి" అని స్పష్టంగా చెప్పి, ఇన్‌చార్జికి తెలియజేయండి.

ఇక్కడ ఒక రోగి గురించి విడిగా చెప్పాలి: పురుగుమందు తాగి వచ్చినవారు. మన జిల్లా ఆసుపత్రుల్లో వీరు లేని వారం ఉండదు. కడుపు కడుగుతూ, విరుగుడు మందైన అట్రోపిన్ ఎక్కిస్తూ, "చావాలనుకున్నదానివి ఇక్కడికెందుకొచ్చావు" అనే మాట కూడా వినిపిస్తుంది. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, ఆ వ్యక్తికి సంరక్షణ ఇవ్వడం ప్రభుత్వ బాధ్యతని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. ప్రాణగండం తప్పాక ఒంటరిగా వదలకండి, ఇంటివాళ్లు లేనప్పుడు పక్కన కూర్చుని, "ఆ ఆలోచన ఇంకా వస్తోందా?" అని నేరుగా అడగండి. అలా అడగడం వల్ల ఆలోచన పుట్టదు, చెప్పుకునే దారి దొరుకుతుంది. వస్తోందంటే అదే గంటలో డాక్టరుకు చెప్పి మానసిక వైద్యుడిని పిలిపించండి. ఇంటికి పంపేటప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 రాసివ్వండి.

గోప్యత గురించి క్లుప్తంగా చెబుతాను. హెచ్‌ఐవీ ఉన్న రోగి కేస్‌షీటు మీద, మంచానికి ఎర్ర సిరాతో గుర్తు వేయకండి. 2017లో వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం రోగి సమ్మతి లేకుండా ఆ సంగతి బయటపెట్టడాన్ని నిషేధిస్తోంది. రక్తం, స్రావాల విషయంలో ఒకే రకమైన జాగ్రత్త ప్రతి రోగి దగ్గరా పాటిస్తే ఆ గుర్తు అవసరమే ఉండదు.

మీ చేతులు రెండే

దగ్గరి మనిషి అవసరానికి కదిలే సంరక్షణకు ఒక బలహీనత ఉంది: నోరున్నవారు, మనకు నచ్చినవారు, మన ఊరివారు మన సమయాన్ని లాగేసుకుంటారు. షిఫ్టు మధ్యలో ఒకసారి ఆగి, ఈ రోజు ఎవరి పేరు నా నోట రాలేదో చూసుకుని ముందు ఆ మంచం దగ్గరకు వెళ్లండి. అటెండెంటు లేని రోగి, భాష రాని వలస కూలీ తరచుగా అక్కడే ఉంటారు. సొంత డబ్బు ఇవ్వడం, ఇంటి ఫోన్ నంబరు ఇవ్వడం ఒకరిద్దరి దగ్గర మంచితనంగా మొదలై, మిగతావారికి అన్యాయంగా ముగుస్తాయి. మందులకు డబ్బు లేనివారిని ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర దగ్గరకు మీరే తీసుకెళ్లి మాట్లాడించడం అంతకంటే ఎక్కువ కాలం నిలిచే సహాయం.

ఇంత చెప్పాక సిబ్బంది కొరత మాట ఎత్తకపోతే ఈ సలహాలన్నీ నర్సు మీద మోపిన బరువే అవుతాయి. ఇద్దరు నర్సులు నలభై మందిని చూసే రాత్రి ఎంత మంచి మనసున్నా రెండు గంటలకొకసారి అందరినీ తిప్పలేరు. జరగని పనిని జరిగినట్టు చార్టులో టిక్కు పెట్టడం ఆ కొరతను కప్పిపుచ్చుతుంది, రేపటి రోగికి హాని చేస్తుంది. 1953లో మొదట ఆమోదించి 2021లో సవరించిన అంతర్జాతీయ నర్సుల మండలి నీతి నియమావళి, ఒక వ్యక్తి వల్ల గానీ ఒక పద్ధతి వల్ల గానీ రోగులకు ముప్పు కలిగితే నర్సు చర్య తీసుకోవాలంటోంది. కాబట్టి చేయలేకపోయిన పనిని చేయలేదనే రాయండి. ఆ రాత్రి ఎంతమంది రోగులున్నారో, ఎంతమంది సిబ్బంది ఉన్నారో, ఏ పనులు ఏ వేళకు ఆగిపోయాయో, ఎవరికి ఏం జరిగిందో నాలుగు వాక్యాల్లో తేదీ వేసి, ఎవరినీ నిందించకుండా నర్సింగ్ సూపరింటెండెంటుకు ఇవ్వండి. ఒక్కరే కాకుండా ఆ డ్యూటీలో ఉన్నవారంతా సంతకం చేయండి. ముట్టినట్టు రసీదు తీసుకుని, నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.